శాసనాలు, పాత పత్రికలు, స్కాన్ పుస్తకాలు: థీసిస్‌లో ఆధారాలు ఎలా చూపించాలి?

#1 శ్రావణి_సీమ

అందరికీ నమస్కారం. రాయలసీమ చెరువుల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్ తెలుగులోనే. రాయడం దాదాపు చివరికొచ్చింది, ఇప్పుడు ఫుట్‌నోట్ల దగ్గర ఆగాను. ఇంగ్లిష్‌లో రాసే నా స్నేహితులకి ఏపీఏ, షికాగో లాంటి పద్ధతులున్నాయి, పుస్తకం తెరిచి చూసుకుంటారు. తెలుగు థీసిస్‌లు శోధగంగలో (థీసిస్‌లు దొరికే వెబ్‌సైటు) ఎన్ని తిరగేసినా ఒక్కోటి ఒక్కో దారిలో ఉంది. ఒకరు "పైదే, పు. 45" అంటారు. ఒకరు రచయిత పేరు, ఏడాది బ్రాకెట్లో పెడతారు. కొందరైతే చివర్లో పుస్తకాల పట్టిక ఇచ్చి ఊరుకున్నారు, లోపల ఎక్కడా పుట సంఖ్యే లేదు.

పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి నేను చదివింది ఒక ఆధునిక చరిత్రకారుడి పుస్తకంలో. ఆయన ఫుట్‌నోట్లో శాసనాల పాఠాలు అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా పేరు ఉంది. నేను ఎవరిని చూపించాలి? తర్వాత, పాత పత్రికల వ్యాసాలు. కొన్నిటి మీద రక్తాక్షి, క్రోధన అని తెలుగు సంవత్సరమే ఉంది. ఇంకా, నెట్‌లో దొరికిన స్కాన్ పుస్తకాల్లో పీడీఎఫ్ పుట ఒకటి, అచ్చులో ఉన్న పుట ఇంకొకటి. వీటితో పాటు సిమిలారిటీ రిపోర్ట్ (థీసిస్‌లో ఎంత శాతం ఇతరుల రాతతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ ఇచ్చే లెక్క) టెన్షన్ ఎలాగూ ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరా?

#2 లైబ్రరీ_రమణ

శ్రావణి గారూ, శాసనం సంగతి ముందు చూద్దాం. మీరు ఏ పుస్తకం తెరిచి చదివారో అదే చూపించాలి. ఆధునిక గ్రంథంలో చదివి ఎపిగ్రాఫియా ఇండికా అని నేరుగా రాస్తే, ఆ సంపుటం మీరు చూశారని పాఠకుడికి చెబుతున్నట్టే. చూడకపోతే "ఎపిగ్రాఫియా ఇండికా, సం. 14, ఉటంకింపు: ఫలానా రచయిత, ఫలానా గ్రంథం, పు. ఇంత" అని రెండూ ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కానీ ఈ శాసనం విషయంలో అలా సరిపెట్టుకోకండి. పోరుమామిళ్ల చెరువు మీ థీసిస్‌కి ప్రాణం లాంటి ఆధారం. శక 1291 అంటే సామాన్య శకం 1369, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. 14వ సంపుటంలో సుక్తంకర్ పరిష్కరించి ఇచ్చారు. ఆ పాత సంపుటాలు ఇప్పుడు స్కాన్‌లో దొరుకుతున్నాయి. "వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు" అన్న లెక్క ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది. మంచి చెరువుకి ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు అనే భాగం కూడా అంతే. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వచ్చినప్పుడు ఆ 12 లక్షణాల్లో ఒకటి జారిపోవచ్చు, ఒకదానికి అర్థం మారిపోవచ్చు. మూలం సంస్కృతంలో ఉంది, పక్కన ఇంగ్లిష్ అనువాదం ఉంది. ఒక పూట కూర్చుంటే చదివేయొచ్చు. అప్పుడు మీ ఫుట్‌నోట్‌లో సంపుటం, పుట నేరుగా వేసుకోవచ్చు.

తెలుగు శాసనాలకైతే దక్షిణ భారత శాసనాల 10వ సంపుటం తప్పక చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు శాసనాలు అందులో ఉన్నాయి, 1948లో వచ్చింది. దాన్ని ఉటంకించేటప్పుడు పుట కన్నా శాసనం సంఖ్య ముఖ్యం. సంపుటం, శాసనం సంఖ్య, కుదిరితే పంక్తి సంఖ్య. పునర్ముద్రణలో పుట మారినా శాసనం సంఖ్య మారదు.

#3 ఓరుగల్లు_కిరణ్

రమణ సార్, మీరు చెప్పింది సరైనదే కానీ ఆచరణలో కష్టం. పరిశోధక విద్యార్థి అన్ని మూలాలూ వెతికి చదవాలంటే పదేళ్లు పడుతుంది. పెద్ద చరిత్రకారుడు ఒకసారి చూసి రాశాడంటే దాన్ని నమ్మి మూలం పేరు వేసుకుంటే నష్టం ఏంటి? సమాచారం నిజమే కదా. కామా ఎక్కడ, పుల్‌స్టాప్ ఎక్కడ అనే గొడవలో అసలు పరిశోధన పక్కకి పోతోందని నా అభిప్రాయం.

#4 డాలస్_వేణు

కిరణ్ తమ్ముడూ, కామాల సంగతి తర్వాత. "నమ్మి వేసుకుంటే నష్టం ఏంటి" అన్నదానికి మా ప్రజారోగ్య రంగంలో జరిగింది చెబుతాను, ఇది అందరికీ తెలియాలి.

1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ అచ్చయింది. వ్యాసం కాదు, సంపాదకుడికి రాసిన లేఖ, మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో ఉండగా మత్తు కలిగించే నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసన చరిత్ర లేనివాళ్లలో నలుగురికి మాత్రమే వ్యసనం కనిపించిందని దాని సారాంశం. అంతే. ఇంటికి వెళ్లాక నెలల తరబడి వాడితే ఏమవుతుందో అందులో లేదు. ఎంత మోతాదు ఇచ్చారో లేదు.

2017లో కెనడా పరిశోధకులు ఈ లేఖని ఎవరెవరు ఉటంకించారో లెక్క తీశారు. మొత్తం 608 ఉటంకింపులు. వాటిలో 439 "ఈ మందులతో వ్యసనం అరుదు" అనడానికి దీన్నే రుజువుగా చూపించాయి. రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లని 491 చోట్ల చెప్పనే లేదు. ఆక్సీకాంటిన్ అనే ఇలాంటి నొప్పి మందు మార్కెట్లోకి వచ్చాక ఈ ఉటంకింపులు బాగా పెరిగాయి. అమెరికాలో ఈ ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మందుల వల్ల ఎంతమంది చనిపోయారో ఇక్కడ ఉండేవాళ్లం కళ్లారా చూశాం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క ఫుట్‌నోట్ మీద నెట్టలేం. కానీ డాక్టర్లకి ధైర్యం ఇచ్చిన వాటిలో ఈ ఐదు వాక్యాలు ఉన్నాయి. ఆ లేఖ అబద్ధం చెప్పలేదు. అందులో లేనిది ఉన్నట్టు మిగతావాళ్లు చూపించారు. ఆ ఐదు వాక్యాలు చదవడానికి ఒక్క నిమిషం చాలు.

#5 పాతపుటలు

అమ్మాయ్ శ్రావణీ, నేను తెలుగు శాఖలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పత్రికల విషయం నేను చెబుతాను.

తెలుగు సంవత్సరం ఉన్నచోట దాన్ని తీసేయకు. పత్రిక మీద ఎలా ఉందో అలాగే రాసి, పక్కన చదరపు బ్రాకెట్లో క్రీస్తు శకం ఇవ్వు. ఒక జాగ్రత్త. రక్తాక్షి అనగానే 1924 అని వేసేస్తుంటారు. రక్తాక్షి 1924 ఉగాదికి మొదలై 1925 ఉగాదికి ముగిసింది. రక్తాక్షి పుష్యమాసం సంచిక అంటే 1924 డిసెంబర్ చివరి నుంచి 1925 జనవరి లోపు. మాఘం, ఫాల్గుణం అయితే పూర్తిగా 1925. అలాగే భారతి పత్రిక తొలి సంచిక 1924 జనవరిలో వచ్చింది, అప్పటికి నడుస్తున్నది ఇంకా రుధిరోద్గారి. మాసం చూసి లెక్కేసుకోకుండా ఏడాది వేస్తే, "ఫలానా వాదం మొదట ఎవరు చేశారు" అన్న చర్చలో ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకి వెళ్లిపోతారు. అరవై ఏళ్ల చక్రం కాబట్టి రక్తాక్షి 1864లోనూ ఉంది, 1984లోనూ ఉంది. పందొమ్మిదో శతాబ్దపు అచ్చు పుస్తకాలు చూసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

వ్యాసానికి నేను నా విద్యార్థులతో రాయించిన వరస ఇది: వ్యాసకర్త పేరు, కొటేషన్లలో వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటం, సంచిక, మాసం, సంవత్సరం, పుటలు. సంపుటం, సంచిక రెండూ వదలొద్దు. పాత పత్రికల బైండింగ్‌లలో రెండు ఏళ్లు కలిపి కుట్టినవి ఉంటాయి, సంచిక సంఖ్య లేకపోతే వెతికేవాడికి చుక్కలు కనబడతాయి.

స్కాన్ పుస్తకాల మాట. అచ్చులో ఉన్న పుట సంఖ్యే వేయాలి, పీడీఎఫ్ చూపించే సంఖ్య కాదు. పీఠికకి వేరే అంకెలు ఉంటే "పీఠిక, పు. 12" అని విడిగా చెప్పు. సైటులో పుస్తకం పేరు, ఏడాది ఎలా ఉన్నాయో అలా ఎత్తి రాయకు. స్కాన్ చేసినప్పుడు ఎవరో ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసిన వివరాలవి, పేరు తప్పులు, ఏడాది తప్పులు బోలెడు. ముఖపత్రం, దాని వెనక పుట చూడు. "ప్రథమ ముద్రణ 1952, ద్వితీయ ముద్రణ 1968" లాంటి మాట అక్కడే ఉంటుంది. నీ చేతిలో ఉన్నది ద్వితీయ ముద్రణ అయితే 1968 వేసి, తొలి ముద్రణ ఏడాది పక్కన చెప్పు. ముఖపత్రం చిరిగిపోయి ఏడాది తెలియకపోతే "ప్రచురణ సంవత్సరం లేదు" అని నిక్కచ్చిగా రాయి, ఊహించి వేయకు.

పద్యాలకి ఇంకో తిప్పలు. భారతం అయితే పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య ఇస్తే చాలావరకు దొరుకుతుంది. వేమన దగ్గర అది కుదరదు. బ్రౌన్ 1829లో అచ్చు వేసిన పద్యాల వరస వేరు, తర్వాత వచ్చిన వాళ్ల వరసలు వేరు. ఏ ముద్రణలో ఎన్నో పద్యం అని చెప్పకపోతే ఆ సంఖ్యకి అర్థం లేదు.

#6 శ్రావణి_సీమ

పాతపుటలు గారూ, చాలా చాలా థాంక్స్ అండీ. నేను కూడా రక్తాక్షి అన్నీ 1924 కిందే పెట్టుకోబోయాను, ఈ రాత్రికే మాసాలు చూసుకుంటాను. వేణు గారి పోస్ట్ మా గైడ్ గారికి కూడా చూపించాను.

ఇంకొకటి అడగాలి. కడప జిల్లా కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్ర రాసి ఉన్న పాత గ్రామ పత్రాలు, చాలా వాడాను. ఒక చెరువు పద్నాలుగో శతాబ్దంలో కట్టారని కైఫియత్తు చెబుతుంది. ఫుట్‌నోట్‌లో కైఫియత్తు పేరు వేస్తే సరిపోతుందా?

#7 లైబ్రరీ_రమణ

పేరు, సంపుటం, గ్రామం, పుట వేయాలి. అంతకన్నా ముఖ్యమైనది మీ వాక్యంలో ఉంది. కైఫియత్తులు ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం 1800 తర్వాతి తొలి దశాబ్దాల్లో గ్రామ కరణాల దగ్గరా, ఊళ్లో పెద్దల దగ్గరా రాయించుకున్నవి. పద్నాలుగో శతాబ్దపు సంగతి చెబుతున్నా, అది పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ ఊళ్లో ఉన్న జ్ఞాపకం. కాబట్టి "1369లో కట్టారు" అని పోరుమామిళ్ల శాసనం మీద నిలబడి అనొచ్చు. కైఫియత్తు మీద నిలబడితే "ఫలానా రాజు కట్టించాడని గ్రామ కైఫియత్తు చెబుతోంది" అనాలి. ఫుట్‌నోట్ ఎంత శుద్ధంగా ఉన్నా పైన వాక్యం గట్టిగా మాట్లాడేస్తే పరీక్షకులు పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

అలాగే "కడప మాన్యువల్" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన థీసిస్‌లు చూస్తుంటాను. గ్రిబుల్ రాసిన 1875 నాటి మాన్యువల్ అని రచయిత, ఏడాది ఇవ్వండి. తర్వాతి గెజిటీర్ వేరే పుస్తకం, రెండిటిలో చెరువుల వివరాలు ఒకటి కావు.

#8 డెల్టా_కెమిస్ట్రీ

సైన్స్ వైపు నుంచి ఒక మాట, మన తెలుగువాళ్ల పేర్ల గురించి. ఇంగ్లిష్ పద్ధతులన్నీ ఇంటిపేరు చివర ఉంటుందనే లెక్కతో తయారయ్యాయి. మనకి ముందు ఉంటుంది. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రపంచమంతా ఫిస్కే–సుబ్బారో అంటుంది. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో వచ్చింది. ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, ఇంటిపేరు ఎల్లాప్రగడ. గణాంక శాస్త్రంలో క్రామెర్–రావు హద్దు ఉంది కదా, ఆ రావు మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన వ్యాసాన్ని అందరూ "రావు, సి.ఆర్." అనే రాస్తారు. ఇంగ్లిష్ వ్యాసంలో మనం దిద్దబోయి "కల్యంపూడి, ఆర్." అని వేస్తే ఎవరికీ దొరకదు. రచయిత తన వ్యాసం మీద పేరు ఎలా వేసుకున్నారో అలాగే వెళ్లాలి.

తెలుగు థీసిస్‌లో మాత్రం హాయిగా ఇంటిపేరు ముందు పెట్టి, అకారాదిలో దాని కిందే వేసుకోవచ్చు. గిడుగు వెంకట రామమూర్తి "గ" దగ్గర. ఇంటిపేరు సహజంగానే ముందు ఉంది కాబట్టి మధ్యలో కామా కూడా అక్కర్లేదు. కలం పేర్లయితే పుస్తకం మీద ఉన్నదే: శ్రీశ్రీ "శ" దగ్గర, ఆరుద్ర "ఆ" దగ్గర.

కిరణ్ గారు అన్న కామాల గొడవలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. వాటి కోసం రాత్రిళ్లు మేలుకోవద్దు. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒకసారి వివరాలు సరిగ్గా ఎక్కిస్తే ఏపీఏ కావాలన్నా ఐఈఈఈ కావాలన్నా అదే మార్చి ఇస్తుంది. తెలుగు రచయితల పేర్లు ఎక్కించేటప్పుడు రెండు గళ్ల బదులు ఒకే గడి ఎంచుకోండి, లేకపోతే పేరు తిరగేస్తుంది.

#9 ఓరుగల్లు_కిరణ్

వేణన్నా, ఆ లేఖ సంగతి చదివాక మూలం చూడాలన్న మాటకి నేను ఒప్పుకుంటున్నా. కానీ శాసనాల సంపుటాలు దొరకని ఊళ్లల్లో ఉన్నవాళ్లకి "ఉటంకింపు" అని రాసుకునే దారిని పరీక్షకులు తక్కువగా చూడకూడదు, అది కూడా గట్టిగా చెప్పండి.

ఇంకో ముచ్చట. మా హాస్టల్‌లో ఇప్పుడు చాలామంది ఏఐని అడిగి రిఫరెన్సులు తెచ్చుకుంటున్నారు. చూడ్డానికి పక్కాగా ఉంటున్నాయి, సంపుటం, పుటలు అన్నీ ఉంటాయి.

#10 డెల్టా_కెమిస్ట్రీ

పక్కాగా కనిపించడమే ప్రమాదం. 2023లో న్యూయార్క్ కోర్టులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను ఉటంకించారు, జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఏఐ రాకముందు కూడా ఇలాంటిది జరిగింది. ఎల్సెవియర్ సంస్థ రచయితలకి నమూనాగా ఒక కల్పిత రిఫరెన్స్ ఇచ్చింది, శాస్త్రీయ వ్యాసం రాసే కళ గురించి 2000లో వచ్చిందని చెప్పే వ్యాసం. అలాంటి వ్యాసమే లేదు. దాన్ని దాదాపు 400 వ్యాసాలు నిజమనుకుని తమ పట్టికల్లో పెట్టుకున్నాయని 2017లో బయటపడింది. నమూనాలోంచి తీసేయడం మరిచిపోయినవాళ్లే ఎక్కువమంది అయ్యుండొచ్చు, కానీ సమీక్షకులు, సంపాదకులు అందరినీ దాటుకుని అచ్చయింది.

డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉన్న ప్రతి వ్యాసాన్నీ ఆ నంబరు కొట్టి తెరిచి చూడండి. పేరు, రచయిత, ఏడాది మూడూ కలవాలి. డీఓఐ లేని పాత వ్యాసమైతే పత్రిక ఆ సంచిక విషయసూచిక చూడాలి. వ్యాసాన్ని తర్వాత వెనక్కి తీసుకున్నారేమో కూడా చూసుకోండి. అలా వెనక్కి తీసుకున్నవాటిని నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ సమాచారం 2023 నుంచి, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దగ్గర అందరికీ అందుబాటులో ఉంది, జొటెరో కూడా ఎర్రగా హెచ్చరిస్తుంది.

#11 శ్రావణి_సీమ

సిమిలారిటీ గురించి ఎవరైనా చెప్పరా? 10 శాతం దాటితే రిజిస్ట్రేషన్ పోతుందని సీనియర్లు భయపెడుతున్నారు.

#12 లైబ్రరీ_రమణ

పోదు. యూజీసీ 2018 నిబంధనలు ఒకసారి చదవండి, చిన్న పత్రమే. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితేనే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపించిన కొటేషన్లు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు ఈ లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలో, యాదృచ్ఛికంగా కలిసిన పదాలో వరసగా 14 వరకు ఉంటే అవీ రావు. కాబట్టి శాసన పాఠం యథాతథంగా ఇచ్చినందుకు కంగారు పడొద్దు, కొటేషన్‌లో పెట్టి ఆధారం ఇవ్వండి.

అయితే శాతం తగ్గింది కదా అని ధీమా కూడా వద్దు. తెలుగులో పాత పుస్తకాలు ఎక్కువ స్కాన్ బొమ్మలే, యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో టైపు చేసినవి సాఫ్ట్‌వేర్‌కి తెలుగు అక్షరాల్లా కనబడవు. రిపోర్టులో 3 శాతం వచ్చిన చాప్టర్ మొత్తం ఇంకొకరి పుస్తకం అయ్యే వీలుంది. వైవాలో కూర్చునే పెద్దాయన ఆ పుస్తకం చదివే ఉంటారు.

#13 పాతపుటలు

దీనికి ఉదాహరణ ఇస్తాను, అప్పటికప్పుడు నేనే అల్లిన వాక్యం. మూలంలో ఇలా ఉందనుకో: "కాకతీయుల కాలంలో చెరువుల నిర్మాణం రాజుల పుణ్యకార్యంగానే కాక, మెట్ట భూములను సాగులోకి తెచ్చే ఆర్థిక విధానంగా కూడా సాగింది."

విద్యార్థి ఇలా రాస్తాడు: "కాకతీయుల హయాంలో తటాకాల నిర్మాణం ప్రభువుల ధర్మకార్యంగానే గాక, మెట్ట నేలలను సేద్యంలోకి తెచ్చే ఆర్థిక పద్ధతిగా కూడా కొనసాగింది." చెరువుకి తటాకం, రాజుకి ప్రభువు. వాక్యం నడక, ఆలోచన వరస అన్నీ మూలానివే. కింద ఫుట్‌నోట్ ఉన్నా ఇది నకలే, ఎందుకంటే ఈ మాటలు తనవని విద్యార్థి అంటున్నాడు.

ఇలా రాయాలి: "కాకతీయుల చెరువుల వెనక పుణ్యంతో పాటు మెట్టను సాగులోకి తేవాలన్న ఆర్థిక దృష్టీ ఉందని ఈ రచయిత వాదన. కడప ప్రాంతపు శాసనాల్లో మాత్రం పుణ్యం మాటే పైకి కనిపిస్తుంది, ఆయకట్టు వివరాలు దానశాసనాల్లో వెతుక్కోవాలి." మొదటి వాక్యం చివర ఫుట్‌నోట్ అంకె. రెండోది పరిశోధకుడి సొంత మాట, దానికి తన శాసనాలు తను చూపించాలి. ఎక్కడ ఆయన మాట ముగిసి నీ మాట మొదలైందో చదివేవాడికి తెలియాలి. పేరా చివర ఒకే ఒక్క అంకె వేసి వదిలేస్తే ఆ హద్దు చెరిగిపోతుంది.

#14 శ్రావణి_సీమ

ఈ ఉదాహరణ ప్రింట్ తీసి టేబుల్ మీద అంటించుకున్నాను సార్.

చివరిగా ఒకటి. చెరువుల నీరుగంటి వాళ్లతో (చెరువు నీళ్లు పొలాలకి వదిలి పంచేవాళ్లు) మాట్లాడి రికార్డ్ చేసుకున్నాను. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ముందు నీళ్లు వదలాలి, కరువు ఏడాది వంతులు ఎలా వేసేవారు అన్నీ చెప్పారు. ఒక పెద్దాయన తన పేరు పుస్తకంలో రావాలని కోరారు. ఇంకొకాయన ఊళ్లో నీటి తగాదాలు ఉన్నాయి కాబట్టి పేరు వద్దన్నారు.

#15 డాలస్_వేణు

ఇద్దరి మాటా పాటించమ్మా. పేరు కోరిన పెద్దాయనకి పూర్తి పేరు, వయసు, ఊరు, మండలం, మాట్లాడిన తేదీ వేసి, రికార్డింగ్ మీ దగ్గర ఉందని చెప్పు. గ్రంథకర్తలకి ఇచ్చిన స్థానమే ఆయనకీ ఇవ్వు, ఆ పరిజ్ఞానం ఆయనది. వద్దన్నాయనకి "నీరుగంటి, ఇంటర్వ్యూ 2" లాంటి గుర్తు చాలు. ఊరి పేరు కూడా తీసెయ్, ఒక చెరువుకి ఒకరో ఇద్దరో నీరుగంట్లు ఉన్నప్పుడు ఊరు చెబితే పేరు చెప్పినట్టే. ఇద్దరి నుంచీ అనుమతి రాతలోనో రికార్డింగ్‌లోనో ఉంచుకో.

#16 శ్రావణి_సీమ

సరేనండీ. పోరుమామిళ్ల ఫుట్‌నోట్ ఇలా మార్చాను, చూసి చెప్పండి: "ఎపిగ్రాఫియా ఇండికా, సం. 14, పోరుమామిళ్ల చెరువు శాసనం, శక 1291 [క్రీ.శ. 1369], పరిష్కర్త: సుక్తంకర్." సంపుటం స్కాన్ దించుకున్నాను, 12 లక్షణాల భాగం చదువుతున్నాను.

#17 లైబ్రరీ_రమణ

బాగుంది. శాసనం మొత్తం గురించి చెప్పేచోట ఇది చాలు. 12 లక్షణాలు చెప్పేచోట శ్లోకం సంఖ్య, అనువాదం ఉన్న పుట కూడా చేర్చండి. అనువాదం సుక్తంకర్ గారిదా, మీదా అన్నది కూడా అక్కడే చెప్పండి.